కుళాయి పట్టుకున్న చెయ్యి

మా బావకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. మనిషి తలుపంత ఉంటాడు. పిండి బస్తా ఒంటి భుజం మీద మోస్తాడు. తెల్లవారకముందే పొయ్యి దగ్గర నిలబడి వీధి వీధంతటికీ రొట్టెలు కాలుస్తాడు. అలాంటివాడు ఆస్పత్రిలో అక్క కాలి కట్టు విప్పేటప్పుడు మాత్రం మొహం గోడకేసి తిప్పేసుకునేవాడు. ఒక చేత్తో అక్క చెయ్యి, రెండో చేత్తో పక్కనున్న స్టీలు తొట్టి తాలూకు కుళాయి పట్టుకుని, పని అయ్యేదాకా అలాగే నిలబడేవాడు. ఆ కుళాయి ఎప్పుడో ఒకరోజు ఊడి చేతికొస్తుంది బావా అని నేను ఎగతాళి చేసేదాన్ని. పడిపోకుండా పట్టుకున్నాను, నీకేం నష్టం అనేవాడు.

నా సంగతి చెప్పాలంటే, నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ల్యాబులో ఎవరైనా నా బల్ల మీద టీ కప్పు పెట్టారంటే ఆ పూట వాళ్లకు మూడినట్టే. నా పని ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నాయో కొలవడం. ప్లాస్మా అంటే ఇక్కడ వేడి లేని నీలిమంట అనుకోండి. పెన్నులాంటి గొట్టంలోంచి హీలియం వాయువు వదిలి కరెంటు తగిలిస్తే, కొసన పెన్సిలు ములుకంత మంట వస్తుంది. వేలు పెట్టినా కాలదు. ఎంతకీ మానని పుండు మీద దాన్ని ఆడిస్తే క్రిములు చచ్చి, పుండు మానడం మొదలుపెడుతుంది. మంటలో ఎలక్ట్రాన్లు దండిగా ఉంటేనే ఆ పని జరుగుతుంది. పల్చబడితే అది ఉత్త దీపం.

వాటిని కొలవడానికి మంటలో ఏ పుల్లా పెట్టకూడదు, పెడితే మంటే మారిపోతుంది. అందుకని అటొక లోహపు గరాటు, ఇటొక గరాటు పెట్టి మధ్యలోంచి మైక్రోవేవ్ తరంగాలు పంపుతాం. ఎలక్ట్రాన్లు ఆ తరంగాలకు ఊగి, వాటిని చెదరగొడతాయి. ఎంత ఎక్కువుంటే అంత చెదురు. అది తెర మీద పచ్చ గీతగా లేస్తుంది. ఆ గీత ఎంత లేచిందో చూసి, ఈ పెన్ను మంచిదా కాదా అని చెప్పి ఎదురుగా ఉన్న ఆస్పత్రికి పంపించడం మా ల్యాబు పని. బావ దీన్నంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు. మేం బన్నులు వెచ్చబెట్టుకునే మైక్రోవేవ్‌తోనే మా మరదలు జీతం తెచ్చుకుంటోంది అని కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెబుతాడు.

అమ్మ పోయేనాటికి నేను ఇంకా బడికి వెళ్లని పిల్లను. అక్క పెళ్లయ్యాక, అక్కతో పాటు నేనూ బావ బేకరీ పైనున్న రెండు గదుల ఇంట్లోకి వచ్చేశాను. కట్నం కింద మరదలినిచ్చారని బావ ఇప్పటికీ నవ్వుతాడు. రోడ్డు దాటించింది ఆయనే, సైకిలు నేర్పిందీ ఆయనే, లెక్కల్లో సున్నా వస్తే బడికొచ్చి పంతులమ్మ ముందు తల వంచుకుని నిలబడిందీ ఆయనే. అక్క నాకు అక్క కాదు, అమ్మే. ఈ మాట ఆవిడ ముందు ఎప్పుడూ అనలేదు. అంటే ఏడుస్తుంది, అది చూసి నాకు కోపం వస్తుంది.

అక్కకు షుగరు. పొద్దస్తమానం కొట్టు దగ్గర నిలబడి ఉండేది. చెప్పులో చిన్న మేకు లేచి బొటనవేలి కింద గుచ్చుకుంటుంటే రోజంతా దాని మీదే నడిచింది, ఆవిడకు తెలియనే లేదు. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ పోయిందని డాక్టరు చెప్పేదాకా మాకూ తెలియదు. ఆ చిన్న గాయం పుండైంది, పుండు గుంటైంది. మందులకు లొంగలేదు. అప్పుడే నేను ఎదురాస్పత్రిలో పుండ్ల డాక్టరమ్మ కాళ్లావేళ్లా పడి, మా నీలిమంట వైద్యంలో అక్కను చేర్పించాను.

మొదట్లో బాగా మానింది. చుట్టూ గులాబీరంగు చర్మం పాకుతూ వచ్చింది. నర్సమ్మ సంబరపడి ఫోటోలు తీసింది. నేను ల్యాబులో కాలరెగరేసుకుని తిరిగాను. తర్వాత ఆస్పత్రిలో ఒక కొత్త నియమం పెట్టారు. రోగుల తాలూకు వాళ్లు గదిలోకి గుంపులుగా వస్తున్నారని, గాలి పాడవుతోందని, ఇకమీదట రోగి తప్ప ఎవరూ లోపలికి రాకూడదన్నారు. మంచి నియమమే. బావ వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. అక్క ఒక్కతే లోపలికి వెళ్లేది. సరిగ్గా అక్కణ్ణుంచే పుండు మొండికేసింది.

మానడం ఆగిపోయింది. ఆ తర్వాత అంచులు మళ్లీ నల్లబడ్డాయి. సర్జన్ వచ్చి చూసి, ఈ నెలాఖరుకి మార్పు లేకపోతే వేళ్లతో సహా పాదం ముందుభాగం తీసెయ్యాల్సి వస్తుందని, ఆలస్యం చేస్తే ఇంకా పైకి పాకుతుందని చెప్పేశాడు. ఆయన మెత్తగానే చెప్పాడు పాపం. నాకే ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియక, ఇంటికొచ్చి మూకుళ్లన్నీ దబదబా తోమాను.

ఆస్పత్రి పెన్నును ల్యాబుకు తెప్పించాను. దాన్ని రాగి పలక మీదికి గురిపెట్టి గరాటుల మధ్య వెలిగించాం. గీత ఎప్పటిలాగే నిండుగా లేచింది. పెన్నులో ఏ లోపమూ లేదు. రెండుసార్లు, మూడుసార్లు చూశాను. పెన్ను బాగుంది, గ్యాసు బాగుంది, అక్క కాలు మాత్రం కుళ్లిపోతోంది. నాకు పిచ్చెక్కినట్టయింది.

చివరికి డాక్టరమ్మ అనుమతి తీసుకుని అక్కనే ల్యాబుకు తీసుకొచ్చాను. పలకను కొలిచి ఏం లాభం, కాలినే కొలుద్దాం అనుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కాలు ప్లాస్టిక్ పీట మీద పెట్టించి, పుండు జోలికి పోకుండా చీలమండ దగ్గర మంచి చర్మం మీదికి మంట తగిలేలా పెన్ను అమర్చాను. నాతో పనిచేసేవాణ్ణి మేం సైలెన్సర్ అంటాం, నోరు విప్పడు కాబట్టి. అతను తెర దగ్గర కూర్చున్నాడు. బావను తలుపు బయటే ఉండమన్నాను, లోపలుంటే ఏదో ఒకటి కదుపుతాడని.

మంట వెలిగింది. గీత లేవలేదు. లేవలేదంటే, రాగి పలక మీద లేచినదాంట్లో మూడో వంతు కూడా లేవలేదు. ఎంత చెదిరితే ఎన్ని ఎలక్ట్రాన్లో సరిచూసుకోవడానికి మా దగ్గర ఒక ప్లాస్టిక్ పూస ఉంటుంది, దాన్ని మధ్యలో పెట్టి చూశాను. గరాటులు నిజమే చెబుతున్నాయి. మళ్లీ మంట వెలిగించాను. అదే గీత, నేలకు అతుక్కుని. నేను గ్యాసు సిలిండరును తిట్టాను, సైలెన్సర్‌ను తిట్టాను, ఈ ఉద్యోగంలో నన్ను చేర్చినవాళ్లను తిట్టాను. అక్క బెదిరిపోయింది.

"ఏమండీ, ఒకసారి లోపలికి రండి, ఇది అరుస్తోంది" అని తలుపుకేసి పిలిచింది.

బావ వచ్చాడు. కట్టు ఉన్న కాలు కనపడగానే మామూలుగా మొహం అవతలికి తిప్పుకున్నాడు. ఒక చేత్తో అక్క చెయ్యి అందుకున్నాడు. రెండో చేతికి కుళాయి లేదు కదా, తడుముకుని తడుముకుని నా స్టీలు బల్ల అంచు పట్టుకున్నాడు. నా బల్ల. నా కోపమంతా ఆయన మీదికి తిరిగింది.

"బావా, బల్ల ముట్టుకోకని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆయన ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. నేను ఇంకా ఏదో అనబోతున్నాను. అప్పుడు సైలెన్సర్ మాట్లాడాడు. అతని గొంతు విని నెలలయింది, ఎవరో కొత్తవాళ్లు వచ్చారనుకున్నాను.

"మళ్లీ పట్టుకోమను" అన్నాడు.

బావ భయం భయంగా బల్ల పట్టుకున్నాడు. పచ్చ గీత నిటారుగా లేచింది, రాగి పలక మీద లేచినంత. తియ్యమన్నాను, పడిపోయింది. పట్టుకోమన్నాను, లేచింది. అక్క చెయ్యి వదిలి బల్ల ఒక్కటే పట్టుకోమంటే లేవలేదు. బల్ల వదిలి అక్క చెయ్యి ఒక్కటే పట్టుకుంటే కాస్త లేచి ఆగిపోయింది. రెండూ పట్టుకున్నప్పుడే నిండుగా లేస్తోంది. నేను అక్కడే ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాను.

బావ మొహం వెలిగిపోయింది. చూశావా, నేను ముందే చెప్పలా, నేను పక్కనుంటే దానికి తగ్గుతుందని, నా మాట ఎవరు వింటారు అన్నాడు. అక్క సిగ్గుపడి ఊరుకోండి అంది. వాళ్లిద్దర్నీ అలా చూస్తూ నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ చెప్పాలి. తప్పదు.

సంగతేమిటంటే, మా ల్యాబులో రాగి పలకకు ఎప్పుడూ ఒక తీగ కట్టి భూమికి కలిపి ఉంచుతాం, నా స్టీలు బల్లా అలాగే భూమికి కలిపి ఉంటుంది. అలా ఉంచితేనే గీత వణక్కుండా శుభ్రంగా వస్తుంది. ఎప్పటినుంచో అదే అలవాటు, ఎవరూ ఎందుకని అడగలేదు. మంటలోంచి పోయే కరెంటుకు అవతల దారి ఉంటేనే ఎలక్ట్రాన్లు దట్టంగా పుడతాయి. ఆస్పత్రిలో అక్క పడుకునే మంచానికి రబ్బరు చక్రాలు, కాలి కింద ప్లాస్టిక్ దిండు, నర్సమ్మ చేతులకు తొడుగులు. దారి లేదు. మొదట్లో ఆ దారి మా బావ. అక్క చేతిలోంచి ఆయన ఒంట్లోకి, ఆయన ఒంట్లోంచి కుళాయిలోకి, కుళాయి గొట్టంలోంచి భూమిలోకి. ఆయన నెత్తురు చూడలేక కుళాయి పట్టుకున్నాడు కాబట్టే అక్క పుండు అన్నాళ్లు మానింది.

బావ అంతా విన్నాడు. తర్వాత, అయితే ఇది కుళాయి గొప్పదనమన్నమాట అని నవ్వాడు. ఒక చిన్న తీగ అక్క మణికట్టుకు కట్టి భూమికి కలిపితే సరిపోతుందని, ఇక భయం లేదని చెప్పాను. మంచిదే కదా, తీగకైతే నాలా కళ్లు తిరగవు అన్నాడు. చేతికి అంటింది ఏమీ లేకపోయినా చాలాసేపు చొక్కాకు తుడుచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చాను.

డాక్టరమ్మకు గీతలన్నీ చూపించాను. ఆవిడ తల పట్టుకుని, కొందరికి మాని కొందరికి మానకపోవడం ఎందుకో ఇన్నాళ్లూ అర్థం కాలేదని అంది. ఆస్పత్రిలో కరెంటు భద్రత చూసే ఇంజనీరు వచ్చి, రోగికి ఏ హానీ జరక్కుండా తీగలో పెట్టాల్సినవి పెట్టి, మణికట్టుకు కట్టే పట్టీ తయారుచేయించాడు. గదిలోకి రోగి తప్ప ఎవరూ రాకూడదన్న నియమం మాత్రం అలాగే ఉంది. తీగ ఉండగా మనిషెందుకు మరి.

పట్టీ తయారైన సాయంత్రం ఇంటికి వెళ్లి అక్కకు చూపించాను. అక్క దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి చూసింది.

"కట్టు తల్లీ, కాలు దక్కడం ముఖ్యం" అంది. కాస్త ఆగి, "నా కాలికి ఏమీ తెలీదే. ఆ మంట పెట్టారో తీశారో కూడా తెలీదు. అక్కడ పడుకున్నంతసేపూ నాకు తెలిసేది ఆయన చెయ్యి ఒక్కటే. అది కూడా లేకపోతే నేను అక్కడ ఉన్నానో లేనో అనిపిస్తోంది" అంది.

బావ కింద బేకరీలో పొయ్యి ఊడుస్తున్నాడు. విన్నాడో లేదో నాకు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం బావ ల్యాబుకు ఒక్కడే వచ్చాడు. చేతిలో వేడి బన్నుల సంచి. నా బల్లకు బారెడు దూరంలో నిలబడి, ముట్టుకోలేదు చూడు అన్నాడు. సైలెన్సర్‌కు ఒక బన్ను ఇచ్చాడు. కాస్త నసిగాడు, కిటికీకేసి చూశాడు, అప్పుడు అడిగాడు.

"ఆ పట్టీ దాని చేతికి కాకుండా నా చేతికి కట్టి, నేను దాని చెయ్యి పట్టుకుంటే మంట బలం తగ్గుతుందా? నువ్వు కొలిచి చెప్పు మరదలా. ఏ కాస్త తగ్గినా నేను బయటే కూర్చుంటా. దాని కాలు కంటే నాకు ఇది ఎక్కువ కాదు."

నేను కొలవకుండానే తగ్గదని చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆయన నా మీద నమ్మకంతో అడుగుతున్నాడు, అవతల అక్క కాలు ఉంది. కొలవాల్సిందే. అయితే నా కళ్ల మీద నాకు నమ్మకం లేదు. ఇంతగా ఒక గీత లేవాలని నేను నా ఉద్యోగంలో ఎప్పుడూ కోరుకోలేదు. అంత కోరుకుంటున్న మనిషి తెర ముందు కూర్చోకూడదు. అందుకని సైలెన్సర్‌ను తెర దగ్గర కూర్చోబెట్టి, రోగి కుర్చీలో నేను కూర్చున్నాను. చెప్పు విప్పి పీట మీద కాలు పెట్టాను.

ముందు పట్టీ నా మణికట్టుకు కట్టుకుని కొలిపించాను. తర్వాత విప్పి బావ చేతికి కట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్న చెయ్యే. అప్పుడూ ఇలాగే గరుకుగా, వెచ్చగా, పిండి వాసనతో ఉండేది. మంట తగిలి చీలమండ దగ్గర చీమ పాకినట్టయింది. బావకు కూడా ఏమైనా తెలుస్తోందా అని అడిగితే, నీ గోళ్లు గుచ్చుకోవడం తెలుస్తోంది అన్నాడు. సైలెన్సర్ మీట నొక్కాడు. నేను తెరకేసి చూడలేకపోయాను. మొహం గోడకేసి తిప్పుకున్నాను. తిప్పుకున్నాక తెలిసింది, ఆస్పత్రిలో బావ నిలబడేది ఇలాగేనని. ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

సైలెన్సర్ ఒకసారితో వదల్లేదు. పట్టీ ఒకసారి నాకు, ఒకసారి బావకు మార్పిస్తూ మళ్లీ మళ్లీ కొలిచాడు. బావ చెయ్యి చెమట పట్టింది, నాదీ పట్టింది. ఎవరి చెమటో తెలియదు.

"తేడా ఉంది" అన్నాడు సైలెన్సర్.

బావ చెయ్యి వదులైంది. నేను వదల్లేదు.

"మన కొలతకుండే అటూ ఇటూలో పోతుంది. లేనట్టే లెక్క" అని పూర్తిచేశాడు. మనిషికి మాటలు తక్కువ సరే, ఆ రెండు మాటలూ కలిపి చెబితే వాడి సొమ్మేం పోయింది. ఆ రోజు సైలెన్సర్‌ను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తిడుతూనే రెండో బన్ను కూడా వాడికే ఇచ్చాను.

డాక్టరమ్మ ఆ కొలతలు చూసి చాలాసేపు రాసే పెన్నుతో బల్ల మీద కొట్టుకుంటూ కూర్చుంది. ఇంజనీరును మళ్లీ అడిగింది. ఆయన సరేనన్నాక, ఈ ఒక్క మనిషి మందిలో లెక్క కాదు, యంత్రంలో లెక్క అని నర్సమ్మకు చెప్పింది. నర్సమ్మ బావకు గౌను తొడిగి, మూతికి గుడ్డ కట్టి, చేతికి పట్టీ బిగించి, ఇక మీరు కదిలితే యంత్రం చెడిపోయినట్టు రాసేస్తానని బెదిరించింది. బావ నిజంగానే కొయ్యలా నిలబడ్డాడు. ఒక చెయ్యి అక్క చేతిలో. రెండోది, పట్టీ ఉన్న చెయ్యి, యథాప్రకారం కుళాయి మీద. ఇప్పుడు కుళాయితో పని లేదు బావా అంటే, దానికి అలవాటైపోయాను అన్నాడు.

నెలాఖరుకి సర్జన్ వచ్చి అంచులు నొక్కి చూశాడు. గులాబీరంగు మళ్లీ పాకుతోంది. ఇంకొన్నాళ్లు చూద్దాం అన్నాడు. ఆ తర్వాతిసారి వచ్చినప్పుడు, తనతో ఇక పని లేదని డాక్టరమ్మకు చెప్పి వెళ్లిపోయాడు. ఆయనంటే నాకు అప్పట్నుంచి గౌరవం.

ఆఖరి రోజు నేనూ వెళ్లాను, తలుపు అద్దంలోంచి చూద్దామని. నర్సమ్మ నన్ను చూసి, ఈవిడ కూడా యంత్రంలో భాగమే, రానివ్వండి అని లోపలికి పిలిచింది. కట్టు విప్పింది. గుంట ఉన్నచోట పల్చటి కొత్త చర్మం, ఉల్లిపొర మీద వెలుతురు పడినట్టు మెరుస్తోంది. డాక్టరమ్మ భూతద్దంతో దగ్గరగా చూసి, పెన్ను తీగ పీకించేసింది. బావ ఇంకా గోడకేసి తిరిగి కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఏమండీ, ఇటు చూడండి. ఇంక భయపడ్డానికి ఏమీ లేదు" అంది అక్క.

ఆయన ఇటు తిరిగి ముందు ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది. ఇన్ని నెలల్లో ఆ కాలిని కట్టు లేకుండా చూడటం అదే మొదలు. వంగి ఆ కొత్త చర్మాన్నే చూస్తూ ఉండిపోయాడు. నేను దగ్గరకెళ్లి, మిషన్ ఆపేశారు బావా, ఇక చెయ్యి తియ్యొచ్చు అని పట్టీ విప్పాను.

ఆయన కుళాయి వదిలేశాడు. అక్క చెయ్యి మాత్రం వదల్లేదు.